ఫ్యాన్‌కు ఒక స్విచ్, దాని కింది లైటుకు ఇంకో స్విచ్

కింద లైటు బిగించిన సీలింగ్ ఫ్యాన్లు ఇప్పుడు చాలా ఎలక్ట్రికల్ షాపుల్లో కనిపిస్తున్నాయి. చూడముచ్చటగా ఉన్నాయని కొని తెచ్చుకుంటాం. తీరా బిగించే రోజున పాత ఫ్యాన్ దించితే, స్లాబులోని ఫ్యాన్ బాక్సులోంచి రెండే వైర్లు బయటికి వేలాడుతుంటాయి. కొత్త ఫ్యాన్‌కేమో పైన నాలుగు వైర్లు: మోటారుకు రెండు, లైటుకు రెండు. తొందరలో ఉన్న పనివాడు ఆ నాలుగింటినీ జతలుగా మెలిపెట్టి, ఉన్న రెండు వైర్లకూ తగిలించి వెళ్లిపోతాడు. ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది. తంటా ఆ రాత్రి నుంచి మొదలవుతుంది. లైటు ఆర్పితే ఫ్యాన్ కూడా ఆగిపోతుంది. డిసెంబరు చలిలో పిల్లలు చదువుకోవాలంటే ఫ్యాన్ గాలికి వణుకుతూ కూర్చోవాలి. రెగ్యులేటర్ రెండో నంబరుకు తిప్పితే లైటు మినుకుమినుకుమంటుంది.

లైటు మినుకుమనడానికి కారణం రెగ్యులేటరే. ఇప్పటి స్టెప్ రెగ్యులేటర్ల లోపల ఉండేవి కెపాసిటర్లు. నంబరు తగ్గించినప్పుడు అవి మోటారుకు వెళ్లే దారిలో అడ్డం నిలబడి కొంత వోల్టేజిని తామే తినేస్తాయి. మోటారు దానికి సర్దుకుని నెమ్మదిగా తిరుగుతుంది. ఎల్ఈడీ లైటు లోపల మాత్రం డ్రైవర్ అనే చిన్న సర్క్యూట్ ఉంటుంది, దానికి సరైన కరెంటు కావాలి. రెగ్యులేటర్ దాటి వచ్చే కరెంటుతో అది మినుకుతుంది, గీపెడుతుంది, కొన్నాళ్లకు పోతుంది. అందుకని లైటు ఎప్పుడూ రెగ్యులేటర్ గుండా పోకూడదు. దాని దారి దానిది.

బోర్డులో ఒక స్విచ్ పెంచితే ఈ సమస్య తీరుతుందని చాలామంది అనుకుంటారు. స్విచ్ పెట్టడం నిమిషాల పని. ఆ స్విచ్ నుంచి పైన ఫ్యాన్ బాక్సు దాకా మరో వైరు తీసుకెళ్లడమే అసలు పని. ఫ్యాన్‌కు ఒక ఫేజ్ వైరు, లైటుకు ఒక ఫేజ్ వైరు, రెండింటికీ కలిపి ఒక న్యూట్రల్, వీటితోపాటు ఫ్యాన్ లోహపు భాగాలకు ఎర్త్. పైన బాక్సులో ఉండాల్సినవి ఈ నాలుగు. మన పాత ఇళ్లలో చాలాచోట్ల ఉండేవి రెండే.

కొనేటప్పుడే ఒక సంగతి చూసుకోవాలి. రిమోట్‌తో వచ్చే మోడళ్లలో కొన్నింటికి రిసీవర్ ఫ్యాన్ కప్పులోనే ఉంటుంది. దానికి వెళ్లేవి రెండే వైర్లు. ఫ్యాన్‌నూ లైటునూ విడదీసేది రిమోటే. అలాంటి దానికి గోడ మీద రెండు స్విచ్‌లు పెట్టినా లాభం లేదు. లైటు వైర్లు విడిగా బయటికి వచ్చాయో లేదో షాపులోనే అట్టపెట్టె తెరిపించి చూడండి, లోపలి కాగితంలో వైరింగ్ బొమ్మ ఉంటుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్ అయితే ఇంకో మాట: దానికి గోడ రెగ్యులేటర్ పనికిరాదు. వేగం మార్చే సర్క్యూట్ ఫ్యాన్‌లోనే ఉంటుంది కాబట్టి రెగ్యులేటర్‌ను వదిలేసి, స్విచ్ నుంచి నేరుగా ఫ్యాన్‌కు వైరు ఇవ్వాలి. ఇక్కడ నేను చెప్పేది మామూలు మోటారు, గోడ రెగ్యులేటర్, విడి లైటు వైర్లు ఉన్న ఫ్యాన్ గురించి. మన ఇళ్లలో ఎక్కువగా ఉన్నది ఈ ఏర్పాటే.

పనిలో దిగేముందు ఎవరు ఏ పని చేయవచ్చో తెలుసుకోవాలి. పాడైన ఫ్యాన్, బల్బు, స్విచ్, ఫ్యూజు వంటివి ఉన్నచోటే మార్చుకోవడానికి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు ఒప్పుకుంటాయి. ఉన్న వైరింగ్‌కు అదనంగా ఏదైనా చేర్చడం, మార్చడం లైసెన్సున్న కాంట్రాక్టర్ ద్వారా, పర్మిట్ ఉన్న వైర్‌మ్యాన్ చేతుల మీదుగా జరగాలి. కొత్త వైరు లాగడం ఆ రెండో కోవలోకి వస్తుంది. అందుకని ఈ పనిని వైర్‌మ్యాన్‌తోనే చేయించండి. మరి ఇదంతా చదవడం ఎందుకంటే, మీ నెత్తిమీద తిరిగేదాని వైరింగ్ సరిగ్గా జరుగుతోందో లేదో దగ్గర నిలబడి చూసుకోవాల్సింది మీరే కాబట్టి.

మొట్టమొదట కరెంటు ఆపాలి. మెయిన్ ఆపేశాం కదా, ఇక భయం లేదనుకునే చోటే మన ఇళ్లలో ప్రమాదం పొంచి ఉంటుంది. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ ఆపిన క్షణంలోనే అది, కరెంటు పోయిందనుకుని బ్యాటరీ మీద పని మొదలుపెడుతుంది. ఇన్వర్టర్ లైన్ మీద సాధారణంగా ఏముంటాయి? ఫ్యాన్లు, లైట్లే. అంటే సరిగ్గా మనం చెయ్యి పెట్టబోయే వైర్లలోనే 230 వోల్టులు అలాగే ఉంటాయి. నిచ్చెన మీదున్న మనిషికి షాక్ కంటే, ఆ అదురుకు కింద పడటం పెద్ద గండం. కాబట్టి మెయిన్ ఆపండి, ఇన్వర్టర్‌నూ దాని స్విచ్‌తో ఆపండి, ఆ తర్వాత బోర్డులోనూ ఫ్యాన్ బాక్సులోనూ కరెంటు లేదని పరీక్షించండి. పని అయ్యేదాకా ఎవరూ ముట్టుకోవద్దని ఇంట్లో అందరికీ చెప్పి, మెయిన్ దగ్గర కాగితం అంటించండి. పక్క గదిలో టీవీ చూస్తున్నవాళ్లు కరెంటు పోయిందేమోనని లేచి వెళ్లి ఎంసీబీ పైకి నెట్టడం చాలా ఇళ్లలో జరిగేదే.

పరీక్షించడం అంటే టెస్టర్ ఒకసారి ఆనించి చూడటం కాదు. కరెంటు ఆపకముందే, పనిచేస్తున్న సాకెట్‌లో టెస్టర్ పెట్టి అది వెలుగుతోందని రూఢి చేసుకోవాలి. కరెంటు ఆపాక మనకు కావలసిన వైరు మీద చూడాలి. తర్వాత మళ్లీ ఎక్కడైనా కరెంటున్న చోట టెస్టర్ ఇంకా బతికే ఉందో లేదో చూడాలి. లోపలి నియాన్ దీపం పోయిన టెస్టర్ కూడా కరెంటు లేదనే చెబుతుంది! పైగా టెస్టర్ వెలగాలంటే మన ఒంటి గుండా అతి స్వల్పమైన కరెంటు నేలకు చేరాలి. చెక్క నిచ్చెన మీదో ప్లాస్టిక్ స్టూలు మీదో నిలబడితే వెలుగు మసకబారుతుంది, పగటి వెలుతురులో కనిపించదు కూడా. దీనికి తిరకాసు మరోవైపు కూడా ఉంది. ఒకే పైపులో కరెంటున్న వైరు పక్కన ఖాళీ వైరు పడి ఉంటే, ఆ ఖాళీ వైరు మీద కూడా టెస్టర్ మసగ్గా వెలుగుతుంది. అందుకే పాతకాలపు వైర్‌మ్యాన్లు హోల్డర్‌కు రెండు వైర్లు కట్టిన ఫిలమెంట్ బల్బును సంచిలో పెట్టుకుని తిరిగేవారు. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య పెడితే నిజమైన కరెంటుకు అది పూర్తిగా వెలుగుతుంది, దొంగ వోల్టేజికి వెలగనే వెలగదు. ఇప్పుడు మల్టీమీటర్ ఉంటే అదీ మంచిదే. టెస్టర్ ఒక్కదాన్నే నమ్ముకుని నిచ్చెన ఎక్కడం నాకు సమ్మతం కాదు.

కరెంటు లేదని తేలాక బోర్డు విప్పి చూడండి. ఫేజ్ వైరు ఏదో ఒక స్విచ్ స్క్రూ దగ్గరికి వచ్చి, అక్కడి నుంచి చిన్న ముక్కలతో మిగతా స్విచ్‌లకు పాకి ఉంటుంది. దీన్నే లూప్ అంటారు. ఫ్యాన్ స్విచ్ రెండో స్క్రూ నుంచి రెగ్యులేటర్‌కు, రెగ్యులేటర్ నుంచి గోడలోని పైపులోకి ఒక వైరు పోతుంది. న్యూట్రల్ ఏ స్విచ్‌నూ తాకకుండా నేరుగా పైకి పోవాలి. ఫేజ్‌కు ఎరుపు, పసుపు, నీలం రంగులు, న్యూట్రల్‌కు నలుపు, ఎర్త్‌కు ఆకుపచ్చ అనేది మన దేశంలో పద్ధతి. అయితే ఇంటి వైరింగ్‌లో రంగును చూసి నమ్మేయకండి. ఆ రోజు చేతిలో ఏ కాయిల్ మిగిలితే అది లాగేసినవాళ్లు బోలెడుమంది. ఏ వైరు ఎక్కడికి పోతోందో మల్టీమీటర్‌తో తేల్చుకుని, టేపు మీద పెన్నుతో రాసి అంటించుకుంటే తర్వాత తికమక ఉండదు.

ఇక వైరు లాగడం. లైటు, ఫ్యాన్ కలిపినా మహా అయితే వంద వాట్లు, అంటే అర ఆంపియర్ కూడా దాటదు. కరెంటు లెక్కన సన్న వైరు కూడా మోస్తుంది. అయినా 1.5 ఎంఎం రాగి వైరే వేయించండి. పైపులో లాగేటప్పుడు సాగదు, తెగదు. ఐఎస్ 694 ముద్ర ఉన్న, మంట త్వరగా అంటుకోని రకం తీసుకోండి. పొడవు ఇలా లెక్క వేయాలి: బోర్డు నుంచి స్లాబు వరకు ఎత్తు, గోడ నుంచి గది మధ్యకు దూరం, రెండు చివర్లా అడుగు చొప్పున అదనం. బోర్డు నాలుగున్నర అడుగుల ఎత్తులో, స్లాబు పదడుగుల ఎత్తులో ఉన్న పన్నెండడుగుల గదికి ఒక వైరుకు పదమూడున్నర అడుగులు వస్తుంది. పైపు ఎప్పుడూ తిన్నగా పోదు, మరో రెండు మూడడుగులు కలుపుకోండి.

పైపులో ఖాళీ ఉంటే స్ప్రింగ్ తోసి దానికి వైరు కట్టి లాగవచ్చు. నా దృష్టిలో అంతకంటే మేలైన పద్ధతి వేరే ఉంది. పాత రెండు వైర్లనే తాడుగా వాడుకుని, వాటి వెనకాలే నాలుగు కొత్త వైర్లు లాగడం. వైరు ఖర్చు కొంచెం పెరుగుతుంది గానీ, పాతికేళ్ల నాటి ఇన్సులేషన్ పెళుసుబారి ఉంటుంది కాబట్టి ఆ బెడద కూడా తీరిపోతుంది. పాత వైర్లను ఊడదీసేముందే ఇది ఆలోచించుకోవాలి. ఒకసారి వట్టిగా బయటికి లాగేస్తే ఆ దారి మళ్లీ దొరకదు.

కట్టే ముడిలోనే పనితనమంతా ఉంది. నాలుగు వైర్ల చివర్లనూ ఒకేచోట కడితే ముడి లావై మొదటి వంపులోనే ఇరుక్కుంటుంది. ఒక్కోదాన్ని రెండేసి అంగుళాల దూరంలో మెట్లుమెట్లుగా కట్టి, మీద టేపును ముందుకు సన్నబడేలా బిగించి చుట్టాలి. పైన ఒకరు లాగుతుంటే కింద బోర్డు దగ్గర ఇంకొకరు వైర్లను మెలికపడకుండా లోపలికి అందించాలి. వైర్లకు కాస్త టాల్కం పౌడర్ రాస్తే జారతాయి. నూనె, గ్రీజు మాత్రం రాయకూడదు, అవి పీవీసీని పాడుచేస్తాయి. ఇరుక్కుంటే బలంగా గుంజకండి. కొంచెం వెనక్కి తీసి, మళ్లీ నెమ్మదిగా లాగాలి. స్లాబు వేసేటప్పుడు పైపులోకి సిమెంటు పాలు దిగి గడ్డకట్టి ఉంటే ఎంత చేసినా రాదు. అప్పుడు గోడ మీదా సీలింగ్ మీదా పీవీసీ కేసింగ్ పట్టీ వేసి బయటి నుంచి తీసుకెళ్లడమే మార్గం. అందం కొంచెం తగ్గుతుంది, పని మాత్రం పక్కాగా ఉంటుంది.

వైరు రాలేదని కొందరు అడ్డదారులు తొక్కుతారు. పైన ఉన్న ఆకుపచ్చ ఎర్త్ వైరును విప్పి దాన్నే లైటుకు ఫేజ్‌గా ఇచ్చేస్తారు. ఇది ఎవరు చేయబోయినా ఆపండి. రేపు ఇంకో పనివాడు వచ్చి ఆకుపచ్చ వైరు కదా అని నిశ్చింతగా పట్టుకుంటాడు. పైగా ఫ్యాన్‌కు ఎర్త్ లేకుండా పోతుంది. రెండో అడ్డదారి, పక్క గది నుంచి ఫేజో న్యూట్రలో అరువు తేవడం. ఇన్వర్టర్ లైన్ ఫేజ్‌తో ఫ్యాన్, డైరెక్ట్ లైన్ ఫేజ్‌తో లైటు పెట్టి, న్యూట్రల్ మాత్రం ఒక్కటే వాడితే, షాక్ నుంచి మనిషిని కాపాడే ఆర్‌సీసీబీ ఊరకే పడిపోతుంటుంది. ఒక లైన్ ఆపినా ఇంకో లైన్ కరెంటు అదే బాక్సులో కాచుకుని ఉంటుంది. రెండు స్విచ్‌లకూ ఫేజ్ ఒకే లైన్ నుంచి రావాలి, న్యూట్రల్ కూడా ఆ లైన్‌దే కావాలి.

బోర్డులో కలపడం సులువు. మాడ్యులర్ బోర్డు అయితే ఖాళీగా ఉన్న డమ్మీ పలక తీసి అక్కడ 6 ఆంపియర్ల వన్‌వే స్విచ్ పెట్టండి. ఫ్యాన్ స్విచ్‌కు వచ్చిన ఫేజ్ నుంచి కొత్త స్విచ్‌కు ఒక లూప్. కొత్త స్విచ్ రెండో స్క్రూ నుంచి లైటు వైరు పైకి. ఫ్యాన్ దారి ఎప్పటిలాగే స్విచ్, రెగ్యులేటర్, పైకి. వైరు చివర ఇన్సులేషన్‌ను అర అంగుళం లోపే ఒలవాలి. స్క్రూ బిగించాక బయట రాగి కనిపించకూడదు, ఇన్సులేషన్ స్క్రూ కింద నలగకూడదు. బిగించిన ప్రతి వైరునూ ఒకసారి లాగి చూడండి. బోర్డుల్లో మాడిన వాసన రావడానికి ఎక్కువసార్లు కారణం వదులైన స్క్రూయే. మరో సంగతి: ఒక లైటింగ్ సర్క్యూట్ మీద పది పాయింట్లు, 800 వాట్లు దాటకూడదని మన ప్రమాణాలు చెబుతున్నాయి. ఈ లైటుతో ఆ లెక్క దాటుతుందేమో వైర్‌మ్యాన్‌ను అడగండి.

స్విచ్ ఫేజ్ మీదే ఎందుకు ఉండాలన్నది ఇంట్లో ప్రతివాళ్లకూ తెలియాలి. న్యూట్రల్ మీద స్విచ్ పెట్టినా లైటు ఆరుతుంది, వెలుగుతుంది. తేడా కనిపించదు. కానీ ఆరినప్పుడు కూడా లైటు దాకా ఫేజ్ వచ్చి నిలబడే ఉంటుంది. స్విచ్ ఆపాను కదా అని లైటు మార్చబోయిన మనిషికి షాక్ కొడుతుంది. స్విచ్ ఆపాక కూడా ఎల్ఈడీ సన్నగా మిణుకుతూ ఉంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఇండికేటర్ ఉన్న స్విచ్ వల్ల కూడా అలా జరగవచ్చు, ఏదో తేల్చుకోవాలి.

ఫ్యాన్ వేలాడదీయడం అందరికీ తెలిసిన పనే కాబట్టి రెండు మూడు మాటలే. లైటు బరువు కూడా కలిసింది గనుక స్లాబులోని హుక్ తుప్పు పట్టి సన్నబడిందేమో చూడండి. బోల్టుకు స్ప్లిట్ పిన్ పెట్టి, దాని కాళ్లు రెండు వైపులా విడదీసి వంచాల్సిందే. రెక్కలు నేల నుంచి 2.4 మీటర్లకు, అంటే ఎనిమిది అడుగులకు తగ్గకుండా, సీలింగ్‌కు కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. పైన కలిపేటప్పుడు ఫ్యాన్ ఫేజ్‌కు రెగ్యులేటర్ నుంచి వచ్చిన వైరు, లైటు ఫేజ్‌కు కొత్త స్విచ్ వైరు, రెండు న్యూట్రల్స్ కలిపి నలుపుకు, ఎర్త్ ఫ్యాన్ రాడ్డు దగ్గరి ఎర్త్ స్క్రూకు. కనెక్టర్‌లో బిగిస్తే మంచిది, ఒట్టి మెలికమీద టేపు చుట్టి వదిలేస్తే ఫ్యాన్ అదురుకు ఏళ్ల తరబడి అది నిలవదు. కప్పు పైకి నెట్టేటప్పుడు దాని అంచుకూ స్లాబుకూ మధ్య వైరు నలగకుండా చూడండి.

కరెంటు ఇచ్చాక పరీక్ష ఇలా: రెండు స్విచ్‌లూ ఆపి ఉంచి మెయిన్ వేయండి. లైటు స్విచ్ వేస్తే లైటే వెలగాలి. అది ఆపి ఫ్యాన్ స్విచ్ వేస్తే ఫ్యానే తిరగాలి. రెండూ వేసి రెగ్యులేటర్‌ను ఒకటి నుంచి ఐదు దాకా తిప్పితే గాలి మారాలి, వెలుగు ఏమాత్రం మారకూడదు. ఆఖరున ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కండి, టక్కున పడిపోవాలి. ఎంసీబీ వైర్లను కాపాడుతుంది గానీ షాక్ నుంచి మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీయే. మీ ఇంట్లో అది లేకపోతే, వైర్‌మ్యాన్ ఎలాగూ వచ్చాడు గనుక ఈ పనితోపాటే పెట్టించేయండి.

ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు ఒక విన్నపం. స్లాబు పోసేముందు వైర్‌మ్యాన్‌ను పిలిచి, ప్రతి ఫ్యాన్ బాక్సుకూ 25 మిల్లీమీటర్ల పైపు వేయమనండి. వైరింగ్ నాడు ఎర్త్‌తో కలిపి నాలుగు వైర్లూ లాగి ఉంచమనండి. ఇప్పుడు అయ్యే అదనపు ఖర్చు కొన్ని మీటర్ల వైరు ఖరీదే.